నాలుక చేప

మాట మన నోటికి రాకముందే దాన్ని ఎరిగిన దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి రాయడానికి నాకు ధైర్యం చాలేది కాదు.

2007. తెలుగువాళ్ళు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద గుంపులుగా సింగపూర్‌లో దిగుతున్న రోజులు. క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో శుక్రవారం సాయంత్రం జరిగే మా ప్రార్థన కూటంలో కంప్యూటర్ ముందు కూర్చోనిది ఇద్దరమే. నేను, యోహాను అంకుల్. "మనిద్దరం వత్తే తలుపు తీయకముందే తెలిసిపోద్ది బాబూ, వాసనకి!" అని నవ్వేవారు. కాకినాడ మనిషి. ఆంగ్ మో కియోలో చేపల కోల్డ్ స్టోరేజీకి సూపర్‌వైజర్.

నాది చైన్ ఆఫ్ కస్టడీ ఆడిట్. ఉత్తర పసిఫిక్‌లో హాలిబట్ అనే పెద్ద చేపను, జాతి తరిగిపోకుండా హద్దులో పట్టే పడవలకు సర్టిఫికెట్ ఇస్తారు. ఆ చేప హోటల్ పళ్ళెం దాకా వేరే చేపతో కలవకుండా వస్తోందా అని దారి పొడవునా చూడడమే నా పని. అంకుల్ వాళ్ళ స్టోరేజీ నాకు పడ్డప్పుడు, ఆయన తెలిసినవారని ఆఫీసులో చెప్పాను. "చుట్టం కాదుగా, వెళ్ళు" అన్నారు.

గడ్డకట్టే చలిలో, సర్టిఫికెట్ ఉన్న సరుకుకే అంటించే నీలం చీటీతో కొన్ని పెట్టెలు. లోపల చేపలు మరీ చిన్నవి. పక్కనే తెలుగు రాని స్టోరేజీ మేనేజర్ ఉన్నా, అలవాటుగా తెలుగులోనే అడిగాను.

"ఇవేంటి అంకుల్?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "మన కాకినాడ సరుకు బాబూ! నాలుక చేప. దీన్ని ఇండియన్ హాలిబట్ అంటారంట ఈళ్ళు. అందుకే అదే అరలో పెట్టించాను. మనోళ్ళకీ ఓ నీలం చీటీ ఉండొద్దా ఏంటి?"

"హోటళ్ళకి కూడా వెళ్ళాయా?"

"ఎళ్ళకేం! ఆ మంచు దేశపు చేప తింటే దూది నమిలినట్టుంటది. దీనికి ఒక్కడూ వంక పెట్టలేదు."

మోసం లేదు. పేరు ఒకటైతే చేపా ఒకటే అనుకున్నారు. కానీ అది వేరే జాతి, దాన్ని పట్టిన పడవలను ఎవరూ పరీక్షించలేదు. ఆయన మాటలను ఇంగ్లీషులోకి మార్చి మేజర్ నాన్‌కన్‌ఫార్మిటీ రాశాను. అంటే సర్టిఫికెట్ నిలిపేయాల్సినంత లోపం.

చదివిన మేనేజర్ ఆయన వైపు తిరిగాడు. "వై యు టాక్ సో మచ్ లాహ్?"

అంకుల్ నన్ను చూశారు. ఆయన ఆడిటర్‌కు జవాబు చెప్పలేదు, శుక్రవారం పక్కన కూర్చునే తమ్ముడికి కబురు చెప్పారు. మేనేజర్ అడిగి ఉంటే ఆచితూచి మాట్లాడేవారు. రాయక తప్పదు, నిజమే. అయినా సిగ్గుతో, ఆయన వైపు చూడకుండానే బయటికి వచ్చేశాను.

ఆయన ఉద్యోగం పోయింది, దానితో సింగపూర్‌లో ఉండనిచ్చే వర్క్ పాసూ పోయింది. తర్వాతి కూటంలో ఆయనే లేచి, "తమ్ముడు ఉన్నదే రాశాడు, ఎవరూ ఏమీ అనకండి. బాబూ, నా పెయాణం కోసం నువ్వే పార్థన చెయ్యి" అన్నారు.

దీర్ఘ ప్రార్థనలకు నాకు పేరు. "ప్రభువా" అన్నాను. ఆ తర్వాత నాలుక కదల్లేదు. అందరూ కళ్ళు మూసుకుని ఎదురుచూశారు. చివరికి ఆయనే "ఆమేన్" అని నా భుజం పట్టి కూర్చోబెట్టారు.

అప్పటినుంచి ఆడిట్‌లో తెలుగు మనిషి ఎదురైతే ముందే చెబుతాను: "అన్నా, మీరు చెప్పేది రాసుకుంటాను." కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ.

ఆ ప్రార్థన సగంలోనే ఉండిపోయింది. చదువుతున్న మీరూ కలిసి పూర్తి చేయండి: ప్రభువా, మన భాష విని మనసు విప్పేవాళ్ళను కాపాడు. యోహాను అంకుల్ ఎక్కడున్నా ఆయన చేతికి పని ఇవ్వు. ఆమేన్.