గంజాయి క్విజ్‌లో మొదటి బహుమతి

ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టడానికి పెద్ద తెలివేమీ అక్కర్లేదు. నాలుగు పుస్తకాలు చదివి ఉండాలి, చేతిలో గంటసేపు ఇంటర్నెట్ ఉండాలి. ఆ రెండూ ఉన్న రోజుల్లో సుభద్ర ఉద్యోగానికి నేను తెచ్చిన ముప్పు ఇది. తర్వాత ఆవిడ నన్నే పెళ్ళి చేసుకుంది. అందుకని ఇన్నేళ్ళూ ఈ కథ ఇంటికొచ్చిన వాళ్ళకి ఆవిడ చెప్పేది, నేను పక్కన కూర్చుని వినేవాణ్ణి. ఆవిడ పోయి ఏడాదైంది. ఇప్పుడు నన్ను చెప్పమంటున్నారు. ఆవిడంత బాగా చెప్పలేను. ఆవిడ కలిపిన అబద్ధాలు తీసేయడం మాత్రం చేతనవును.

రెండు వేల రెండో సంవత్సరం. రాజమండ్రిలో ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. గోదావరి జిల్లాల పుస్తకాల పిచ్చివాళ్ళం అరవై మందిమి ఒక ఈమెయిల్ గ్రూపు పెట్టుకున్నాం. అందులో వారానికొక మొక్క మీద పది ప్రశ్నల క్విజ్ నడపడం నా వంతు. కొబ్బరి అయింది, పొగాకు అయింది, తమలపాకు అయింది. నాలుగో వారం, కాస్త చదువుకున్నవాడికి వచ్చే పొగరుతో, గంజాయి పెట్టాను.

తొందరపడి ఏమీ అనుకోకండి. నా ప్రశ్నలన్నీ ఓడల తాళ్ళ గురించీ, పాతకాలపు కాగితం గురించీ, ఆయుర్వేదం గురించీ. అసలు మొక్కని నేను జన్మలో చూడలేదు. ఒక పాత పుస్తకంలో నలుపు తెలుపు బొమ్మ చూశాను. ఆ విషయంలో నాకున్న అనుభవమంతా అదే.

పదికి పది మార్కులు ఒక్కరికే వచ్చాయి. సుభద్ర గారని, కొత్తపేట దగ్గర ఒక ఊళ్ళో సైన్సు టీచరు. అప్పటికి ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. బహుమతి కిలో తాపేశ్వరం కాజాలు. డబ్బా కట్టి అటు వెళ్ళే బస్సు కండక్టరు చేతికిచ్చి, ఆవిడకి ఈమెయిల్ కొట్టాను. సబ్జెక్టు దగ్గర ముక్తసరిగా రాశాను: 'గంజాయి. మొదటి బహుమతి. పార్సిల్ బస్సులో వస్తోంది.'

ఇక్కడ నాకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ఊళ్ళో ముప్పై మందికి కలిపి ఒకటే ఈమెయిల్ అడ్రసు, అది నెట్ సెంటర్ రాంబాబుది. ఎవరికి మెయిల్ వచ్చినా, ఇంటింటికీ తిరిగి చెప్పే ఓపిక లేక, వాళ్ళ పేరూ సబ్జెక్టూ షాపు ముందు నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసిపెట్టేవాడు. గుండ్రటి అక్షరాలు. బస్సులోంచి కూడా చదువుకోవచ్చు.

మర్నాడు లైబ్రరీకి ఫోనొచ్చింది.

"సూర్యం గారేనాండి? నేను సుభద్రనండి. పదికి పది."

"అభినందనలండి! కాజాలు అందాయా?"

"అందాయండి. వాటికంటే ముందు బోర్డు అందింది, ఊరందరికీ." బోర్డు సంగతి చెప్పి, "క్విజ్ అన్న ముక్క ఎక్కడా రాయలేదేంటండీ మీరు?" అంది.

"గ్రూపులో అందరికీ తెలుసు కదా అని..."

"మా ఊరు మీ గ్రూపులో లేదండి."

అప్పుడు అసలు విషయం బయటపెట్టింది. ఆవిడ ఆర్నెల్లుగా ఆడపిల్లల హాస్టల్‌కి తాత్కాలిక వార్డెను. ఆ పనితో వచ్చిన రెండు గదుల్లో వాళ్ళమ్మని పెట్టుకుని ఉంటోంది. శనివారం కమిటీ కూర్చుని ఆవిణ్ణి ఖాయం చేస్తుందో, పంపేస్తుందో తేలుతుంది. పిల్లల తండ్రులు ముగ్గురు అప్పటికే బోర్డు చదివి వెళ్ళారు.

"మీరొచ్చి ఒక్క మాట చెప్పండి, చాలు."

"తప్పకుండా వస్తానండి. నేను చెబితే వింటారు, లైబ్రేరియన్ని కదా" అన్నాను. "ఆ ప్రశ్నల కాగితం కూడా పట్టుకురండి" అంది ఆవిడ.

శనివారం హాస్టల్లోనే భోజనం పెట్టారు. తర్వాత మీటింగు. ప్రెసిడెంటు రాజు గారు, పక్కన రిటైరైన తాసీల్దారు గారు. నా ప్రశ్నల కాగితం రాజు గారు కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇవన్నీ ఈ అమ్మాయి చెప్పిందా?"

"ఒక్క తప్పు లేదండి!" అన్నాను గర్వంగా.

"ఇంత వివరంగా ఎలా తెలుసమ్మా నీకు?"

"చదివానండి."

"చదివితే ఎనిమిది వస్తాయండి" అన్నారు తాసీల్దారు గారు. "పదీ రావాలంటే పెంచాలి."

జేబులోంచి రుమాలు తీసి విప్పారు. అందులో వాడిపోయిన కొమ్మ. "ఇందాక వెనక గోడ పక్కన పీకానండి. నాలుగు వరసలున్నాయి. ఏవండీ సూర్యం గారూ, క్విజ్ పెట్టిన వారు కదా, ఇదేంటో సెలవివ్వండి."

అయిదు వేళ్ళలా చీలిన ఆకు, అంచుల్లో రంపపు పళ్ళు. అచ్చంగా నా పుస్తకంలో బొమ్మే. సుభద్ర నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం 'నోరు మూసుకోండి' అని ఎవరికైనా తెలుస్తుంది. నాకు 'నిజం చెప్పండి' అన్నట్టు తోచింది. నాకు అబద్ధం చెప్పడం రాదు, నిజం తెలియదు. అలాంటివాణ్ణి సాక్షిగా పిలవకూడదు.

"గంజాయేనండి" అన్నాను. ఎవరూ అడక్కపోయినా, "మగ మొక్క" అని కూడా చేర్చాను.

రాజు గారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. సుభద్ర లేచి వచ్చి, ఆ కొమ్మకున్న ఆకులు నాలుగు తుంపి నోట్లో వేసుకుంది.

"అమ్మా, ఉమ్మెయ్! కమిటీ ముందు ఏంటమ్మా ఇది!" అని అరిచారు తాసీల్దారు గారు.

ఆవిడ నిదానంగా నమిలి మింగింది. "పుల్లగా ఉందండి. ఉప్పు తగలాలి."

అంతలో వంటావిడ మంగమ్మ గరిటెతో సహా లోపలికొచ్చింది. "ఎవరండీ నా గోంగూర పీకింది? ఆకు గిల్లుకుంటే నెల్లాళ్ళొచ్చేది, మొదలంటా లాగేశారు!"

"గోంగూర ఆకు ఇలా ఉంటుందేంటి?" అన్నారు తాసీల్దారు గారు, గొంతు తగ్గించి.

"ఇది నార తీసే గోగండి. దీని ఆకు ఇలాగే ఉంటది. మరి ఇందాక రెండుసార్లు వేయించుకున్న పచ్చడి దేంతో చేశాననుకున్నారు తమరు?"

ఆయన రెండుసార్లే. నేను మూడుసార్లు.

రాజు గారు పగలబడి నవ్వి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. "సుభద్రమ్మా, ఉద్యోగం నీదే. ఏ ఆకు ఏదో తెలిసిన మనిషి పిల్లల దగ్గర ఉండాలి." తర్వాత నా వైపు తిరిగి, "తమరు పుస్తకాల దగ్గరే ఉండండి, దేశానికి క్షేమం" అన్నారు.

మరుసటేడు మా పెళ్ళయింది. ఆ తర్వాత ఆవిడ ఒక్క రోజు కూడా నన్ను కూరలకి పంపలేదు. ఇప్పుడు సంచీ పట్టుకుని నేనే వెళ్తున్నాను. అందుకే గోదావరి జిల్లాల సమస్త ఆకుకూరల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట వండే మనిషిని అడగందే ఏ ఆకుకీ పేరు పెట్టను. ఆడో మగో అసలే చెప్పను.