గద్ద రెక్కకు ఏడు ఈకలు

ఆమెను అందరూ కుట్టక్క అనేవారు. ఇరవై రెండేళ్లు బట్టలు కుట్టింది. రెడీమేడ్ దుకాణాలు వచ్చాక బేరాలు పడిపోయి, అటవీ శాఖ వారి జంతువుల ఆసుపత్రిలో బోనులు కడిగే పనికి కుదిరింది.

"ఇన్నాళ్లూ మనుషుల కొలతలు తీసి, ఇప్పుడు కోతుల పెంట ఎత్తుతావా?" అని అత్తగారు మూతి విరిచింది.

"కోతులే నయం అత్తయ్యా. చంకలో బిగుతైందని దెబ్బలాటకి రావు."

ఒక వేసవిలో బస్సు డిపో నుంచి ఆడగద్దను తెచ్చారు. అక్కడ కప్పు మీద గూడు పెట్టి, పిల్లల జోలికొస్తారేమోనని కనబడ్డవాళ్లందరి నెత్తిన తన్నేదట. విసుగెత్తి ఎవరో కర్రకు గుడ్డ చుట్టి, నిప్పంటించి తోలారు. పిల్లల్ని మగగద్ద సాకుతోంది. దీని కుడి రెక్కలో మాత్రం ఏడు పెద్ద ఈకలు సగానికి కాలిపోయాయి.

"ఇవి రాలి కొత్తవి రావాలంటే ఏడాది పట్టొచ్చు. అప్పటిదాకా బోనులోనే," అంది డాక్టరమ్మ.

గద్ద మేత ముట్టలేదు. ఊచలకేసి కొట్టుకుంటూనే ఉంది. మూడు రోజులు చూసి కుట్టక్క ఉండబట్టలేకపోయింది.

"డాక్టరమ్మా, చిరిగిన చొక్కాకి అతుకేస్తాం కదా. ఈకకి వెయ్యకూడదా?"

డాక్టరమ్మ ఆమెను తేరిపార చూసింది. "వేస్తారు. చదివానే గానీ ఎప్పుడూ చెయ్యలేదు. వెంట్రుకంత తేడా వచ్చినా పక్షి ఎగరదు."

"వెంట్రుకంత తేడాలు సరిచేసే కదండీ ఇన్నాళ్లూ బతికాను!"

అంతకుముందు చనిపోయిన ఓ గద్ద ఈకలు ఫ్రీజర్లో ఉన్నాయి. కుట్టక్క వాటిని వరుసలో పేర్చుకుంది. ఈక కాడ లోపల బోలుగా ఉంటుంది. అందులో పట్టేలా వెదురు పుల్లల్ని సూదుల్లా చెక్కింది. డాక్టరమ్మ గద్దకు మత్తిచ్చింది. కాలిన ఈక మొదట్లోకి పుల్ల సగం, కొత్త ఈకలోకి సగం, మధ్యలో చుక్క జిగురు. నడుమెత్తకుండా మూడు గంటలు కూర్చుని ఏడూ అతికింది.

మర్నాడు పెద్ద గదిలో వదిలితే గద్ద రెండు గజాలు పోయి కుడిపక్కకు ఒరిగి కూలింది. కుట్టక్క దాని రెక్క విప్పి చాలాసేపు చూసింది.

"నాలుగోది. రవ్వంత మెలిపడింది. తప్పు నాదే."

మళ్లీ మత్తిచ్చారు. ఆ ఒక్కటీ ఊడదీసి తిరిగి అతికింది. ఈసారి గద్ద ఈ గోడ నుంచి ఆ గోడకు తిన్నగా పోయింది. వారం రోజులు అక్కడే సాధన చేయించారు.

ఆసుపత్రి వెనక గుట్టెక్కి, గద్దను కుట్టక్క చేతికే ఇచ్చింది డాక్టరమ్మ. కుట్టక్క దాన్ని గాల్లోకి విసిరింది. గద్ద లోయలోకి రాయిలా దిగింది. అంతలో రెక్కలు బారజాపి, గాలిని పట్టుకుని, వాళ్ల తలల మీదుగా పైకి లేచింది.

"పోవే తల్లీ, పో!" కుట్టక్క గొంతు చించుకుని అరిచింది. ఎప్పుడూ నవ్వని డాక్టరమ్మ ఆమెను పట్టుకుని గిర్రున తిప్పేసింది.

తర్వాత నాలుగేళ్లలో నలభై ఒక్క పక్షులు ఆ గుట్ట మీంచి ఎగిరాయి. ఇప్పుడు ఇతర ఆసుపత్రుల నుంచి డాక్టర్లే ఆమె దగ్గర నేర్చుకోడానికి వస్తారు. వెదురు పుల్లలు, చాకులు పట్టుకుని బల్ల చుట్టూ కూర్చుంటారు. కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని కుట్టక్క ఒక్కొక్కరి పుల్లా వెలుతురుకెత్తి చూస్తుంది.

"లావుగా ఉంది సార్. మళ్లీ చెక్కండి."