చచ్చిన మనిషికి వన్స్‌మోర్

పెండ్లయిన పద్నాలుగో ఏట నా భార్య మా హేతువాదుల ఆదివారం చర్చకు వచ్చింది, అదీ ఒక్కసారే. కర్ణాటకలోని మా చింతామణి ఊరికి డీవీడీలు కొత్తగా వచ్చిన రోజులవి. బెంగళూరు మిత్రుడొకరు ఫ్రెంచి సంగీత నాటకం ఒకటి పంపారు. రంగస్థలం మీద ఆడుతుండగా తీసిన చిత్రం. వదిలి పోతానన్న ప్రియురాలిని ఒకడు పొడిచి చంపే విషాద కథ. అసూయ అంటే ఆడదాన్ని ఆస్తిగా చూసే బుద్ధి తప్ప మరేమీ కాదని, దానికి ప్రేమ అని పేరు పెట్టడం పచ్చి మోసమని చెప్పడానికి నాలుగు రోజులు కూర్చుని నోట్సు రాసుకున్నాను. నా భార్య వినాలని. నా ప్రసంగాలు ఊరందరూ విన్నారు, ఆమె తప్ప.

వచ్చిన ఇరవైమందిలో చాకవేలు పల్లె హార్మోనియం మాస్టరు ఉన్నాడు. పల్లెల్లో పౌరాణిక నాటకాలు నేర్పించే మనిషి. అరవై దాటాయి. మా చర్చలంటే ఆయనకు గిట్టదు, పాట ఉందని విని వచ్చాడు. నా భార్య పుట్టినూరూ చాకవేలే. మావైపు తెలుగువాళ్ళు బడిలో చదివేది కన్నడం కాబట్టి, నాటకాల తెలుగు పద్యాలను కూడా కన్నడ అక్షరాల్లోనే రాసుకుంటారు. చిన్నప్పుడు ఆ మాస్టరుకు పద్యాలు నకలు రాసి ఇచ్చింది తనేనని నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది. అదీ ఆయన నోట.

"ఏమమ్మా, నీ చేతిరాత ఇంకా నా పెట్టెలో ఉండాది."

"ఇంకా పారేయలేదా అప్పా!" అని తను నవ్వింది. అట్లాంటి నవ్వు మా ఇంట్లో నేను వినలేదు.

నాటకం మొదలైంది. టీవీ తెర అడుగున పడే ఇంగ్లీషు అక్షరాలను నేను తెలుగు చేసి చెప్తున్నాను. వాళ్ళిద్దరూ నా మాట వినడం లేదు.

"ఈ యమ్మ బతకదు" అన్నాడు మాస్టరు. "గొంతులో అప్పుడే తెలుస్తాండాది."

"అవునప్పా, ఎవరో తరుముతాండినట్ల పాడతాండాది."

ముగింపు చెప్పాల్సింది నేను. ముందే చెప్పేశాడు!

చివరి పాట వచ్చింది. కత్తి దిగింది, ఆమె ఒరిగిపోయింది. మాస్టరు చప్పట్లు కొట్టి "వన్స్‌మోర్!" అని అరిచాడు. మా పల్లె నాటకాల్లో పద్యం బాగుంటే యుద్ధంలో చచ్చినవాడైనా లేచి, దుమ్ము దులుపుకొని, మళ్ళీ పాడి మళ్ళీ చావాలి. సగం గది ఆయనతో గొంతు కలిపింది. రిమోటు నా భార్య పక్కనే ఉంది. తనే వెనక్కి నొక్కింది. చచ్చిన మనిషి లేచింది.

"ఇది చర్చావేదిక, తిరునాళ్ళు కాదు" అన్నాను.

"ఏమప్పా, దేవుడు లేడంటివి, సరే. పాట కూడా లేదంటావా?" అన్నాడు మాస్టరు.

గదంతా గొల్లున నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది తనే.

రిమోటు లాక్కొని ఆపేశాను. డిస్కు వేడెక్కిందని అబద్ధమాడాను. నిజం మాట్లాడే మనిషినని నాకు పేరుంది గనక అందరూ నమ్మారు. తర్వాత ముప్పావుగంట అసూయ మీద దుమ్మెత్తిపోశాను. ఒక మనిషి నవ్వు మీద ఇంకో మనిషికి హక్కెక్కడిదని బల్ల గుద్ది అడిగాను. బస్సుకు టైమైందని మాస్టరు మధ్యలో లేచాడు; తను ఆయన్ని మెట్లదాకా సాగనంపి, చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. నా ప్రసంగంలో మంచి భాగమంతా అప్పుడే అయిపోయింది.

ఇంటికి నడుస్తూ అడిగింది.

"డిస్కు వేడెక్కలేదు కదా?"

"లేదు."

"మరి యాల ఆపితిరి?"

"కుళ్ళు" అన్నాను.

"ఆయప్ప మీదనా? మా నాయన ఈడు ఆయప్పది!"

"ఈడుతో నాకేం పని? నీ సంగతులు ఆయప్పకు తెలుసు, నాకు తెలీదు."

తను రోడ్డు మీదే నిలబడిపోయింది. "పద్నాలుగేండ్లాయె. నీకు యా పద్యం ఇష్టమని ఒక్కనాడన్నా అడిగితిరా?"

ఎంతటి వాదాన్నైనా చీల్చగలనని నాకు గర్వం. అక్కడ మాత్రం బతిమాలుకున్నాను.

"ఇప్పుడడుగుతాండా కదా, చెప్పు."

"ఇప్పుడు చెప్పను" అని ముందుకు నడిచింది.

ఆ తర్వాత చాలాసార్లు అడిగాను, వంటింట్లో, బాగేపల్లి బస్సులో. మాట మారుస్తుంది. మాస్టరుకు తెలిసే ఉంటుంది. నాకు ఈరోజుకూ తెలియదు.