సువార్తమ్మాంటీ నన్ను నీళ్ళలోకి దింపిన వేసవి

మొన్నటి వానకు పెరట్లో తీగ మీద మరిచిపోయిన ఉన్ని దుప్పటి తడిసి ముద్దయింది. లోపలికి తెచ్చి పిండుతుంటే ఒక వాసన లేచింది. తడిసిన గొర్రె వాసన అని ఇంట్లోవాళ్ళు ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం ఒక్కసారిగా పళ్ళు టకటకలాడే చలి, పైన్ చెట్లు, నల్లగా కదలకుండా ఉన్న సరస్సు, దాని ఒడ్డు నుంచి కొంత దూరం నీళ్ళలోకి కట్టిన చెక్క వంతెన మీద తెల్ల ప్యాంటూ కాన్వాసు బూట్లూ వేసుకుని నిలబడ్డ మా సువార్తమ్మాంటీ కనిపించారు.

ఎనభైల మొదట్లో నేను విజయవాడలో ఒక ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచర్ని. ఖోఖో, కబడ్డీ నేర్పేదాన్ని. ఆ రోజుల్లో ఒక సంస్థ ఇతర దేశాల యువతీ యువకుల్ని ఒక్క వేసవికి అమెరికా పిలిపించి, అక్కడి పిల్లల శిబిరాల్లో పని ఇచ్చేది. తిండి, పడక, చేతి ఖర్చులు వాళ్ళవి. పని అయ్యాక కొన్నాళ్ళు దేశం తిరిగి చూడవచ్చు. నా పేరు వాళ్ళకు చెప్పింది సువార్తమ్మాంటీయే. ఆవిడది గుడివాడ. మా అమ్మతో కలిసి చర్చిలో పాడేవారట. భర్త డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఇంజనీరు, ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇల్లు. ఏటా వేసవిలో సెలవు పెట్టి ఉత్తర మిషిగన్‌లోని ఆ ఆడపిల్లల శిబిరానికి నర్సుగా వెళ్ళేవారు.

ఎయిర్‌పోర్టుకు ఆవిడే వచ్చారు. పడవంత కారు. నా పెట్టె వెనక పడేసి, స్టీరింగు ముందు కూచుని ఉత్తరానికి బయల్దేరారు. ఆడవాళ్ళు కారు నడపడం అంతకు ముందు నేను సినిమాల్లో చూశానేమో, పక్కన కూచుని చూడలేదు. ప్రయాణ బడలికకు నా తల వాలిపోతుంటే మోచేత్తో పొడిచారు.

"నిద్రపోకు ప్రమీలా, రోడ్డు చూడు. రేపు ఇంటికెళ్ళాక అమెరికా ఎలా ఉందే అంటే, సీటు కవరు గురించి చెప్తావా?"

శిబిరంలో ఆవిడను 'నర్స్ సూ' అని పిలిచే ధైర్యం ఎవరికీ లేదు. మోకాలు దోక్కుపోయి ఏడుస్తూ వచ్చిన పిల్లకు కట్టు కడుతూ కూడా "మీ ఊళ్ళ పేర్లు నేను నేర్చుకోలేదా? నా పేరు మీరు నేర్చుకోండి" అని పూర్తి పేరు పలికించేవారు. "సువాట్టమ్మా" దాకా వచ్చాక, మార్కులు వేసినట్టు తలూపి ఒక బిస్కెట్టు ఇచ్చేవారు. నన్ను 'పామ్' అని పిలుస్తామన్న వాళ్ళకూ అదే శిక్ష పడింది.

చిక్కు మూడో రోజున వచ్చింది. పిల్లల్ని చూసుకునేవాళ్ళంతా ఈత పరీక్ష పాసవ్వాలి. వంతెన నుంచి సరస్సు మధ్యలో తేలుతున్న తెప్ప దాకా వెళ్ళి తిరిగి రావాలి. నాకు ఈత రాదు. మా ఇంట్లో కాలవ వైపు వెళ్ళడమే నిషేధం. నా చిన్నప్పుడు మా పిన్ని ఒకావిడ అందులో పోయింది. అక్కడి పద్ధతి ప్రకారం ఈత రానివాళ్ళకు ఎర్ర టోపీ. ఏడేళ్ళ పిల్లల వరసలో, వాళ్ళ నడుం లోతు నీళ్ళలో, ఎర్ర టోపీ పెట్టుకుని నేను నిలబడ్డాను. పిల్లలు నా వైపు వింతగా చూశారు. ఒక పిల్ల మాత్రం సంతోషంగా నా చెయ్యి పట్టుకుంది.

ఆ సాయంత్రం శిబిరం అధికారిణి మిసెస్ హార్లన్ నన్ను పిలిపించింది. మంచి మనిషి, గొంతు పెంచేది కాదు. "నీ తప్పేం లేదు. వంటగదిలో మనుషులు కావాలి, అక్కడ హాయిగా ఉంటావు" అంది. నేను సరేననడానికి నోరు తెరిచాను. నిజానికి గుండెల మీద బరువు దిగినట్టే అనిపించింది. పక్కనే మందుల పెట్టె సర్దుతున్న ఆంటీ తల ఎత్తారు.

"ఆ అమ్మాయి పిల్లలకు ఆటలు నేర్పడానికి అంత దూరం నుంచి వచ్చింది. రెండు వారాలు టైమివ్వండి. నేర్పేది నేను" అన్నారు ఇంగ్లీషులో. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "నువ్వు సరే అంటే చంపుతాను" అన్నారు.

మర్నాటి నుంచి ఉదయం గంట కొట్టక ముందే నన్ను లేపేవారు. ఆ నీళ్ళు ఐసు కరిగి చెరువైనట్టు ఉండేవి. ఆవిడ ఎప్పటిదో ముదురు నీలం ఈత దుస్తుల్లో, జుట్టు ముడి చెదరకుండా, తల పైకెత్తి ఈదేవారు. "నేను బర్రెలా ఈదుతాను, స్టైల్ లేదు. కానీ మునగను. బర్రె మునగడం ఎప్పుడైనా చూశావా?" అనేవారు. తానెలా నేర్చుకున్నదీ ఆ నీళ్ళలోనే చెప్పారు. కొడుకుని స్కూల్లో ఈతకు తీసుకెళ్ళి, బల్ల మీద కూచుని స్వెట్టరు అల్లుతూ ఉండేవారట. ఒక రోజు పిల్లాడు లోతు వైపు జారితే, దిగలేక, కేక మాత్రం వేయగలిగారట. ఇంకెవరో తీశారు. మర్నాడే తానూ పేరు రాయించుకున్నారు, నలభై దాటాక. ఈ వయసులో ఆ బట్టలేమిటని తెలిసినవాళ్ళు నవ్వారట. "నవ్వనీ. వాళ్ళు నవ్వడం అయిపోయేలోపు నాకు ఈత వచ్చేసింది" అన్నారు.

నాకు భయం పోలేదు. కాళ్ళ కింద నేల తగలకపోతే చాలు, ఆవిడ మెడ పట్టేసుకునేదాన్ని. "భయం పోయాక దిగుతానంటే ఈ జన్మకు కాదు. దాన్ని ఒడ్డున కూచోబెట్టి నువ్వు రా. మళ్ళీ వెళ్ళి తెచ్చుకుందువుగాని" అనేవారు. ఆ మాటకు నవ్వొచ్చేది. నవ్వితే ఒళ్ళు వదులయ్యేది, ఒళ్ళు వదులైతే నీళ్ళు మోసేవి.

మొదటిసారి పరీక్షలో సగం దూరంలో, తెప్ప దాకా కట్టిన తాడు పట్టేసుకున్నాను. అందరూ చూశారు. మర్నాడు ఆంటీ గంటకు ముందు మామూలుగానే తలుపు తట్టారు. రెండోసారి శిబిరమంతా ఒడ్డుకు చేరింది. నా ఎర్ర టోపీ పిల్లలు వంతెన మీద వరసగా కూచుని "ప్ర-మీ-లా" అని అరుస్తున్నారు. తెప్పను తాకాను. తిరిగి వస్తుంటే చేతులు కట్టెలైపోయాయి. తల పైకెత్తి, ఏ స్టైలూ లేకుండా, బర్రెలాగే వచ్చాను. చివరి చెక్క పట్టుకోగానే ఆంటీ నన్ను పైకి లాగి ఉన్ని దుప్పటి చుట్టారు. "తల తుడుచుకో, జలుబు చేస్తుంది" అన్నారంతే. మెచ్చుకుంటారేమో అనుకున్న నాకు చిన్నబోయినట్టయింది. కానీ పక్కకు తిరిగి మిసెస్ హార్లన్‌తో, వంతెన చివరి దాకా వినబడేలా, తెలుగులోనే అన్నారు: "చూశారా మా అమ్మాయిని?" మిసెస్ హార్లన్‌కు ఆ భాష రాదు. అయినా "చూశాను" అంది.

ఆ వేసవంతా నేను పిల్లలతోనే ఉన్నాను. ఎర్ర టోపీ పిల్లల్ని నాకే అప్పగించారు, భయపడేవాళ్ళ భాష నాకు తెలుసని. నా చెయ్యి పట్టుకున్న ఆ పిల్ల, బెత్, తల్లిదండ్రులు వచ్చిన రోజున తెప్ప దాకా ఈదింది. మధ్యాహ్నం గడ్డి మీద పిల్లలూ వాళ్ళ నాన్నలూ కబడ్డీ ఆడారు. కూత ఆపకుండా ఊపిరి బిగబట్టడంలో మా ఆంటీని గెలిచినవాళ్ళు లేరు.

విజయవాడ తిరిగొచ్చాక, మా స్కూలు ఆడపిల్లలకు మునిసిపాలిటీ ఈత కొలనులో వారానికి రెండు పూటలు ఇప్పించమని అడిగాను. హెడ్మిస్ట్రెస్ ఒప్పుకోలేదు, తర్వాత తల్లులు ఒప్పుకోలేదు. అడుగుతూనే ఉన్నాను. మొదటి ఏడాది ఐదుగురు వచ్చారు. నాలుగేళ్ళకు ఆంటీ సెలవు మీద వచ్చి చూసేసరికి కొలను నిండా పిల్లలే. పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని గట్టు పొడుగునా నడిచారు. ఒక తొమ్మిదో తరగతి పిల్ల బాణంలా ఆ చివరికి వెళ్ళి వచ్చింది.

"స్టైల్ ఎక్కడిదే దీనికి? నేను నీకు నేర్పలేదే!"

"పుస్తకం చూసి నేర్పానాంటీ. నాకు మాత్రం ఇప్పటికీ రాదు."

ఆవిడ పెద్దగా నవ్వారు. తర్వాత చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. చీర అంచు తడుస్తున్నా వెనక్కి జరగలేదు.

సువార్తమ్మాంటీ పోయి చాలా ఏళ్ళయింది. మిషిగన్‌లోనే సమాధి చేశారు. నేను వెళ్ళలేకపోయాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ, ఫలానా పిల్ల దీనికి పనికిరాదు, ఇంకేదైనా తేలిక పనిలో పెడదాం అని ఎవరైనా మంచి మనసుతోనే అన్నప్పుడు, ఆ పిల్ల సరేననక ముందే నేను కల్పించుకునేదాన్ని. కొంచెం గడువు అడిగేదాన్ని. నేర్పే పూచీ నాదనేదాన్ని. అందరూ నెగ్గలేదు. నెగ్గిన పిల్లల్ని చూసినప్పుడు మాత్రం, పక్కన ఎవరున్నా, వాళ్ళకు అర్థమైనా కాకపోయినా, గొంతెత్తి "మా అమ్మాయి" అన్నాను. ఇప్పటికీ అంటూనే ఉన్నాను.