బిరియానీ పెట్టి మాన్పించిన సూది

మా అత్త వెన్నుపూస విరగ్గొట్టింది ఎవరని అండమాన్‌లోని మా హోప్ టౌన్‌లో ఎవరిని అడిగినా నా పేరే చెబుతారు. నిజమే. అయితే నేను చెయ్యి ఎత్తలేదు, తోసేయలేదు. బిరియానీ వండి విరగ్గొట్టాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

అత్తకు ఎముకలు గుల్లబారాయని పోర్ట్ బ్లెయిర్ డాక్టరు ఆరు నెలలకొక సూదిమందు రాశాడు. అది వేయించుకోవాలంటే బాంబూఫ్లాట్‌లో ఫెర్రీ ఎక్కి, చాతంలో దిగి, అక్కడి నుంచి ఆటోలో ఆసుపత్రికి వెళ్లాలి. తోడు నేనే. వానాకాలంలో ఫెర్రీ ఊగినప్పుడల్లా అత్త నా భుజం పట్టుకునేది, నేను వాంతి ఆపుకునేదాన్ని.

కొన్నేళ్లు ఇలా తిరిగాక కొత్త స్కాన్ రిపోర్టు వచ్చింది. ఇంట్లో ఇంగ్లిష్ ముక్కలు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, ఇంటికి డాక్టర్ని కూడా నేనే అనుకునేదాన్ని. అందులో ‘ఇంప్రూవ్డ్’ అన్న మాట కనబడింది. దాని కిందా మీదా ఏముందో చూడలేదు. కావలసింది దొరికాక ఇంకా చదవడం దేనికండీ?

“డాక్టరు మానీమన్నాడేటే పిల్లా?” అంది అత్త.

“ఆయన్నడగడం ఎందుకత్తా? రిపోర్టే బాగైపోయిందంటంది.”

“అడిగితే నోరరిగిపోద్దా?”

అడగాలంటే మళ్లీ ఫెర్రీ ఎక్కాలి. అందుకని అడగడం మానేసి కృతజ్ఞత కూడిక పెట్టించాను. మా తెలుగు చర్చి సంఘంలో ఎవరికి జబ్బు నయమైనా ఇంట్లో ప్రార్థన పెట్టించి, దేవుడు చేసిన మేలును అందరి ముందూ సాక్ష్యం చెప్పి, వచ్చినవాళ్లకు భోజనం పెట్టడం అలవాటు. వాకిట్లో టార్పాలిన్ కట్టి, బిరియానీ వండి, సంఘమంతటినీ పిలిచాను. సాక్ష్యం చెప్పవలసింది అత్త. మైకు ఆవిడ చేతికి వెళ్లేలోగా నేను లాక్కున్నాను. దేవుడు మా అత్త ఎముకలను ఉక్కు చేశాడనీ, ఇక సూది ముఖం చూడనక్కరలేదనీ ప్రకటించాను. ఆ రెండో మాట దేవుడు నాతో అనలేదు, ఆయన మీద నేనే పెట్టేశాను. అందరూ హల్లెలూయ అన్నారు. అత్త మాత్రం తల వంచుకుని కూర్చుంది.

సూది వేయించుకోవలసిన రోజు వచ్చి వెళ్లిపోయింది. లోపల కాస్త గుచ్చుకుంది, అబద్ధమెందుకు? కానీ ఊరందరికీ పెట్టి, మళ్లీ అదే సూది కోసం ఏ ముఖం పెట్టుకుని ఫెర్రీ ఎక్కను? తిన్న బిరియానీ వెనక్కివ్వమనలేను కదా. నా పరువు కోసం అత్త నడుమును పణంగా పెడుతున్నానని నా బుర్రకు తట్టనేలేదు.

కొన్నాళ్లకు ఒక ఉదయం అత్త పెరట్లో ఎండుచేపల తట్ట ఎత్తబోయి, “అమ్మా” అని అక్కడే కూలబడింది. మళ్లీ అదే ఫెర్రీ. ఈసారి నా ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. పడవ ఎగిరినప్పుడల్లా నొప్పికి చీర కొంగు కొరుక్కుంది. నన్ను తిట్టినా బాగుండేది.

“కిస్‌సే పూఛ్‌కే బంద్ కియా, దీదీ?” అన్నాడు డాక్టరు ఎక్స్‌రే చూసి. ఎవరినడిగి మానేశారని. కూడిక సంగతి చెప్పలేక నేను గోడ మీది క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను. వెన్నుపూస ఒకటి నలిగిపోయిందట. బాగుపడింది ఆ సూది వల్లేనట. వేరే రకం మందులకైతే కొన్నేళ్లు వాడాక డాక్టర్లే విరామం ఇస్తారట. ఇది మాత్రం ఉన్నట్టుండి మానేస్తే ఎముక గబగబా గుల్లబారుతుందట. మానక తప్పకపోతే దీని స్థానంలో ఇంకో మందు ఇవ్వాలట. ఇదంతా ఒక్క మాట అడిగితే అప్పుడే చెప్పేవాణ్ణి అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

అత్త కాస్త కోలుకుని, నడుముకు బెల్టు కట్టుకుని ఒక ఆదివారం చర్చికి వచ్చింది. ప్రార్థన విన్నపాలు ఉంటే చెప్పమన్నారు పాస్టరుగారు. అందరూ ఆ బెల్టు వైపే చూశారు.

“నా నడుముకి డాక్టరున్నాడయ్యా,” అంది అత్త కూర్చునే. “నా కోడలి బుర్రకి ప్రార్థన సెయ్యండి. ఇంప్రూవ్డ్ అని రిపోర్టొచ్చినా మానీకండి.”

చర్చి అంతా గొల్లుమంది. నేను లేచి నిలబడి అందరి ముందూ ప్రమాణం చేశాను. డాక్టరు నోటితో చెప్పనిదే, మా ఇంట్లో సూదిమందు మాట అటుంచి, దగ్గుమందు సీసాలో అడుగు చుక్క కూడా మాన్పించను, బిరియానీ గిన్నె పొయ్యెక్కించను అని.

నా బుర్ర కోసం ఆ ప్రార్థన చర్చిలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఆపమని అత్త ఇంకా చెప్పలేదు.