టైగర్ పొట్ట, వెంకయ్య బాబాయి కర్ర

ఇవాళ మిరప కల్లంలో దెబ్బలు తిన్నాను. భుజం ఇంకా సలుపుతోంది.

మా కుక్క టైగర్‌కి వారం నుంచి విరేచనాలు. సత్తెనపల్లి పశువుల డాక్టరుగారు పొట్టకి మేలు చేసే ప్రోబయాటిక్ పొడి ఇచ్చి, చల్లటి పెరుగన్నంలో కలిపి పెట్టమన్నారు. కారం అసలు ముట్టనివ్వొద్దన్నారు. ఐదు రోజులు అలాగే పెట్టినా తగ్గలేదు. ఇవాళ అది పక్క కల్లంలో వెంకయ్య బాబాయి ఆరబోసిన కాయల మీదే పని కానిచ్చింది.

ఆయన దుడ్డుకర్రతో దాని నడుం మీద బాదాడు. అది కుయ్యోమంటూ కూలబడింది. అడ్డం వెళ్తే రెండో దెబ్బ నా భుజం మీద పడి కర్ర విరిగింది. నేను ఆయన చొక్కా పట్టుకుని కాయల్లోకి తోశాను. ఇద్దరం అందులో దొర్లుతూ, కళ్ళు మండి కనపడక, అందిన చోటల్లా గుద్దుకున్నాం.

"విశ్వాసం లేని కుక్కరా ఇది! చప్పిడి కూడు తింటుందని జాలిపడి, రోజూ నా క్యారేజీలో సగం దీనికే పెడుతున్నాగదరా!" అని అరిచాడు.

"క్యారేజీలో ఏం తెస్తున్నావు బాబాయ్?"

"ఏముంటదిరా? పండుమిరపకాయ పచ్చడన్నం."

విరిగిన కర్ర ముక్క నా చేతికి అందింది. టైగర్ మాత్రం కుంటుకుంటూ వెళ్ళి ఆయన క్యారేజీ మూత నాకుతోంది. మీరైతే ఆ కర్రతో ఎవర్ని కొడతారు?