గిన్నె లోపలికి, మనిషి వరండాలో

1998 ఎండాకాలం. హిందూపురంలో ఒక చిన్న మిషన్ ఆసుపత్రిలో, ఆడవాళ్ల వార్డులో నేను ఆయాగా పనిచేసేదాన్ని. బెడ్‌పాన్ పెట్టడం, ఒళ్లు తుడవడం, కదల్లేనివాళ్లను అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టడం నా పని. తిప్పకపోతే వీపు పుండు పడుతుంది, దాన్ని బెడ్‌సోర్ అంటారు. అప్పటికి నాకు అక్షరాలు రావు. మంచాలను కిటికీని బట్టి, గోడను బట్టి గుర్తుపెట్టుకునేదాన్ని.

కిటికీ పక్క మంచానికి పెనుకొండ నుంచి ఎస్తేరమ్మ వచ్చింది. పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది, అయినా నోరు ఊరుకునేది కాదు. భర్త పోయాడు, పిల్లలు లేరు.

మరుసటి రోజు వరండాలో ఒకామె నన్ను ఆపింది. పేరు సుగుణమ్మ, ఎస్తేరమ్మకు సొంత చెల్లెలు. పెనుకొండ నుంచి పొద్దుటి ప్యాసింజరు బండికి వచ్చింది.

"ఆయమ్మా, ఈ గిన్నె మా అక్కకియ్యి. నా పేరు చెప్పొద్దు. చర్చి సంఘమోళ్లు పంపినారను."

"నువ్వే పోయి పెట్టొచ్చు గదమ్మా?"

"మాకు మాటల్లేవు."

గిన్నెలో మెత్తటి రాగి సంగటి, మెత్తగా నూరిన ఊరుబిండి పచ్చడి. మొదటి ముద్దకే ఎస్తేరమ్మ కళ్లు చిట్లించింది.

"సంఘమోళ్లా? వాళ్లు ఇంత ఉప్పేస్తారా? ఇది మా మొండిది చేసినాదే. బయట ఉండాదా?"

"ఉండాదమ్మా. పిలుచుకొస్తా."

"పిల్సొద్దు. కాలు పడిపోయింది నాకా, దానికా? దాన్నే రానీ."

అలా అంటూనే గిన్నె అడుగు వేలితో తుడిపించుకుని మరీ తిన్నది.

గొడవేమిటో ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. సుగుణమ్మ మొగుడు ధర్మవరంలో మగ్గం పనిచేసేవాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా తాగి కొట్టేవాడు. స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు అడిగినప్పుడు ఎస్తేరమ్మ లేచి, మా చెల్లెలి మొగుడు తాగుడు మానేలా ప్రార్థన చేయండని అందరినీ కోరింది.

"ప్రేమతోనే గదా అడిగినా? నాకు అది తప్ప ఎవరుండారు?" అని ఎస్తేరమ్మ.

"ప్రేమయితే నా చెవిలో చెప్పల్ల. నా ఇంటి గుట్టు సంఘమంతా ఇప్పి పరిచినాది. ఇప్పుడు నన్ను సూస్తే అందరికీ అయ్యో పాపమే" అని సుగుణమ్మ.

"నీ చేతి వంటేనని మీ అక్కకు తెల్సులే" అన్నాను ఒకరోజు.

"తెలిస్తే పిలవొచ్చు గదా?"

ఆమె పిలవాలని ఈమె, ఈమె రావాలని ఆమె. రోజూ గిన్నె లోపలికి పోయేది, ఖాళీగా బయటికి వచ్చేది. ఆ పోట్లాట నాకు ముచ్చటగానే ఉండేది. ఇంత తిండి లోపలికి పోతోంది కదా, రేపోమాపో మనిషీ లోపలికి పోతుందిలే అనుకున్నాను.

ఒక తెల్లవారుజామున ఎస్తేరమ్మకు మళ్లీ పక్షవాతం కొట్టింది. ఈసారి మాట పడిపోయింది, మింగడం కూడా పోయింది. డాక్టరు రైల్స్ ట్యూబు వేశారు. అది ముక్కులోంచి కడుపులోకి వేసే సన్నటి గొట్టం. పాలు, పల్చటి జావ దాంట్లోనే పోయాలి. నోటికి చుక్క కూడా పెట్టకూడదు.

బండి దిగి వచ్చిన సుగుణమ్మ ఎప్పటిలాగే గిన్నె చాచింది. నేను అందుకోలేదు.

"నోటికేమీ పెట్టకూడదంటమ్మా."

"అయితే ఇంకెట్ల?"

"ఇంక గిన్నె పోదు. నువ్వే పోవల్ల."

లోపలికి పోయింది. మంచం పట్టీ పట్టుకుని వంగింది. "అక్కా, నేను సుగుణని. వచ్చినా గదా, తిట్టు. ఒక్క మాటన్నా తిట్టు."

ఎస్తేరమ్మ కళ్లు తెరిచి చూసింది. పెదవులు కదిలాయి గానీ శబ్దం రాలేదు. ఎడమ చెయ్యి చెల్లెలి కొంగును పట్టుకుంది.

సుగుణమ్మ నా వైపు తిరిగింది. "ఆయమ్మా, ఒక్క రవ్వ ఊరుబిండి నాలిక మీద రాస్తా. రుచి సూస్తాది."

"వద్దమ్మా. మింగలేదు, ఊపిరితిత్తుల్లోకి పోతాది."

నేను చెప్పింది సరైనదే. అయినా ఆ మాట ఈరోజుకీ నాకు బరువే. సుగుణమ్మ గిన్నెకు మూత పెట్టేసింది.

ఆ వారంలోనే ఎస్తేరమ్మ పోయింది. అక్క శవంతో వ్యాను ఎక్కే ముందు సుగుణమ్మ అడిగింది: "నన్ను గురించి మా అక్క ఏమనేది?"

"ఉప్పెక్కువేస్తావని తిట్టేది. మెతుకు మిగల్చకుండా తినేది."

"అది నా ఎదురుగా అనింటే!" అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తరువాత ముసలితనంలో నేను అక్షరాలు నేర్చుకున్నాను. బైబిల్లో ప్రేమను గురించిన వాక్యభాగాన్ని ఇప్పుడు వేలు పెట్టి, కూడబలుక్కుని చదువుకుంటాను. చదివినప్పుడల్లా ఆ వరండా కనిపిస్తుంది. వాళ్లిద్దరిలో ప్రేమ లేదని ఎవరంటారు? ఒకామె ప్రార్థనలో పెట్టింది, ఇంకొకామె సంగటిలో పెట్టింది. మాట ఉన్నన్నాళ్లూ గడప మాత్రం ఇద్దరూ దాటలేదు.

మా కూడికలో ఎవరైనా లేచి ఫలానావాళ్ల కోసం ప్రార్థన చేయండి అంటే, కళ్లు మూసుకునే ముందు నేనొకటే అడుగుతాను: "వాళ్లింటికి పోయొచ్చినావామ్మా?"